ఎవరూ నొక్కని కీ

కీబోర్డులో కుడివైపు పై వరసలో స్క్రోల్ లాక్ అని ఒక కీ ఉంటుంది. అదెందుకుందని అడిగితే కంప్యూటర్లు అమ్మేవాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు. కీబోర్డు పాతబడి మూలన పడేసే నాటికి కూడా ఆ కీ మీద అక్షరాలు కొత్తగా మెరుస్తూనే ఉంటాయి. మార్త కీబోర్డులో మాత్రం అన్నిటికంటే ముందు అరిగిపోయేది అదే.

మార్త విజయవాడ గవర్నరుపేటలో ఇరవై రెండేళ్ళు డీటీపీ చేసింది. పెళ్ళికార్డులు, సువార్త సభల కరపత్రాలు, ఓట్లప్పుడు పార్టీల పాంప్లెట్లు, సంస్మరణ కార్డులు... తన షాపు బేతేలు గ్రాఫిక్స్‌లో ఆమె వేళ్ళ కింద నుంచి రాని తెలుగు లేదు. ఆమె వాడే పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లో స్క్రోల్ లాక్ నొక్కితే అక్షరాలు తెలుగులో పడతాయి, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషులోకి తిరుగుతాయి. పనైపోగానే నొక్కి ఇంగ్లీషులో పెట్టెయ్యాలి. లేకపోతే ఫైలు పేరు పిచ్చిగీతల్లా పడి, రేపు వెతికితే దొరకదు. అందుకని వచ్చినవాళ్ళు తెలుగులో నోరు తెరిస్తే చాలు, మాట పూర్తికాకముందే మార్త కుడిచెయ్యి లేచి ఆ మూలకి వెళ్ళొచ్చేది. బయోడేటా కోసం వచ్చిన కుర్రాళ్ళు ఇంగ్లీషులో చెబితే చెయ్యి ఉన్నచోటే ఉండేది. "ఇంట్లో కూరేం వండావని అడిగినా నీ వేలు టక్కుమంటుందే!" అని భర్త ప్రభుదాసు ఆటపట్టించేవాడు. నిజంగానే అనేది. అన్నం కంచం పక్కన గాల్లో ఆ వేలు ఒకసారి కదిలి ఊరుకునేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఎవరికీ పనికిరాని ఆ కీ మూలంగానే మార్త ప్రాణం పోబోతోంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున షాపు షట్టరు ఎత్తబోతూ ఆమె మెట్ల మీద కూలిపోయింది. మెదడు వెన్నుపాముతో కలిసేచోట రక్తనాళం మూసుకుపోయిందన్నారు. అప్పటినుంచి ఒంట్లో ఏ కండరమూ ఆమె మాట వినలేదు. రెప్ప లేవదు, కనుగుడ్డు తిరగదు, గుటక పడదు. ఊపిరి కూడా గొంతులో పెట్టిన గొట్టంలోంచి యంత్రం తోస్తేనే లోపలికి పోతుంది. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. తెలివికి ఏ లోటూ లేదు. నొప్పి తెలుస్తుంది, దురద తెలుస్తుంది, పక్కగదిలో ఆయా ఫోనులో చూసే సీరియల్ ఎంతవరకూ వచ్చిందో కూడా తెలుస్తుంది. అదంతా ఎవరికైనా చెప్పడానికే దారి లేదు.

మూడు ఆస్పత్రులు తిరిగాక ఎవరో ప్రభుదాసుకి విశాఖ సంగతి చెప్పారు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పరిశోధనశాలలో డాక్టర్ ఇందుమతి 'అంతర్లిపి' అనే యంత్రం తయారుచేస్తోంది. పుర్రె కింద, చేతివేళ్ళని నడిపించే చోట, తపాలా బిళ్ళంత రేకు ఒకటి అతికిస్తారు. వేలు కదపాలని మనిషి అనుకుంటే చాలు, ఆ అనుకోవడాన్ని యంత్రం పట్టుకుని ఏ వేలు ఏ కీ మీదకి పోతోందో చెప్పేస్తుంది. టైపు చెయ్యడం రక్తంలో ఇంకిపోయిన మనిషి కోసం వాళ్ళు ఏడాదిగా చూస్తున్నారు. మార్త వేగం ఎంతో విని ఇందుమతి కుర్చీలోంచి లేచి నిలబడిందట. ప్రభుదాసు షాపుకి తాళం వేసి, పెదవాల్తేరులో ఒక చిన్న గది అద్దెకి తీసుకుని మకాం మార్చేశాడు.

రేకు పెట్టిన మూడో వారం ఇందుమతి మంచం దగ్గరికి వచ్చి, "మార్తగారూ, ఇదిగో, మీ ముందు కీబోర్డు ఉందనుకోండి. మీకేం చెప్పాలనిపిస్తే అది టైపు చెయ్యండి" అంది.

నాలుగు నెలల మాటలు పేరుకుపోయి ఉన్నాయి. మార్త స్క్రోల్ లాక్ నొక్కింది. వేళ్ళు లేవని తెలుసు, అయినా అవి పరుగెత్తుతున్నట్టే అనిపించింది. నేను ఇక్కడే ఉన్నాను, అంతా వినిపిస్తోంది, ఎడమ మడమ మండిపోతోంది, ఎవరైనా చూడండి, మా ఆయన్ని సరిగ్గా తిననివ్వండి. ఇలా ఏడు వాక్యాలు కొట్టి, అలవాటు ప్రకారం మళ్ళీ స్క్రోల్ లాక్ నొక్కి, ఎవరు ముందు కేక పెడతారా అని ఎదురుచూసింది.

"ఏటో పిచ్చి అక్షరాలు కొడతంది మేడమ్. చివర్న మొత్తం చెరిపేసింది" అన్నాడు తారకేశ్. యంత్రానికి ప్రాణం పోసిన ఇంజనీరు అతనే. శ్రీకాకుళం కుర్రాడు, ముప్ఫై కూడా నిండలేదు.

మార్తకి ఒళ్ళు మండింది. ఒళ్ళు కదలకపోయినా మండుతుంది. చెరిపేయడమా? కొట్టిన మేటర్ని సేవ్ చెయ్యకుండా చెరిపే మనిషిలా కనబడుతున్నానా? మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. పది రోజులు, ఇరవై రోజులు. ప్రతిరోజూ పిచ్చి అక్షరాలు, వాటి వెనకే ఖాళీ తెర. "బహుశా మాట్లాడాలన్న కోరిక లేదేమో" అంది ఇందుమతి ఒకరోజు మెల్లగా. ఆ మాటలో జాలి ఉంది. ఆ జాలికి మార్త లోపల భోరున ఏడ్చింది. ఏడుపు కూడా బయటికి రాలేదు.

చివరికి రెండే కీలు ఉంచారు. ఎంటర్ నొక్కితే కొనసాగించమని, చిన్న గంట మోగుతుంది. డిలీట్ నొక్కితే ఆపెయ్యమని, బజరు బుర్రుమంటుంది. మొదట పడిన కీయే లెక్క, తర్వాత పడేవి యంత్రం పట్టించుకోదు. మొదట్లో అవి సాధనకి అన్నారు. కానీ సాధనలో ఇందుమతి ఏది అడిగినా బజరే మోగింది. నొప్పిగా ఉందా అంటే బజరు. మీ ఆయన్ని రమ్మంటారా అంటే బజరు. ఆ తర్వాత, ఒకరోజు తలుపు దగ్గర చాలాసేపు గుసగుసలాడుకుని, గొంతు సవరించుకుని, అసలు ప్రశ్న అడిగారు. ఊపిరి యంత్రం మీద ఇలా ఉండిపోవడం ఇష్టమేనా, లేక ఆపెయ్యమంటారా?

కొత్త చట్టం ఒకటి వచ్చింది. రోగి తానుగా, పదిహేను రోజుల ఎడంతో మూడుసార్లు వద్దంటే యంత్రం తీసెయ్యవచ్చు. ఇందుమతి చాలా పద్ధతైన మనిషి. ప్రాణం పోయే సంగతి పరాయి భాషలో అడగకూడదని పట్టుబట్టి, ప్రశ్నని తేటతెలుగులో రాయించుకుని, తానే స్పష్టంగా చదివింది. తెలుగు వినగానే మార్త చెయ్యి ఆ మూలకి లేచింది. వెంటనే ఎంటర్ కూడా గట్టిగా నొక్కింది.

గదిలో బజరు మోగింది.

ఆ సాయంత్రం ప్రభుదాసు ఆమె జుట్టు దువ్వుతూ ఏడ్చాడు. దువ్వెన చిక్కుల్లో ఆగినప్పుడల్లా వేళ్ళతో మెల్లగా విడదీశాడు.

"నీ మాటే మార్తా. నువ్వు వద్దన్నాక నేను ఇంకోలా అంటానా? ఇరవై ఏడేళ్ళలో ఎప్పుడన్నా నీ మాట కాదన్నానా?"

ఎన్నిసార్లు కాదన్నావో, అనుకుంది మార్త. కలర్ ప్రింటరు కొనొద్దంటే కొన్నావు. మేడ మీద రేకుల షెడ్డు వద్దంటే వేశావు. అన్నిసార్లు కాదన్నవాడివి ఈ ఒక్కసారి కాదనవయ్యా, నీకు పుణ్యముంటుంది.

తర్వాతి వారం ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులు చూడటానికి వచ్చారు. తారకేశ్ మంచం పక్కనే నిలబడి వాళ్ళకి ఉత్సాహంగా చెప్పుకుపోయాడు.

"కీబోర్డులో నూటనాలుగు కీలుంటాయి కదా, అన్నీ నేర్పాలంటే చాలా టైమ్ పడతాది. అందుకని ఎవరూ వాడనివి పన్నెండు తీసేసినాం. పాజ్, ఇన్సర్ట్, స్క్రోల్ లాక్... ఆ కుడి మూల మొత్తం తీసేసి ఒక్క డిలీట్ ఉంచినాం, అది నొక్కితే తెర మొత్తం చెరిగిపోతాది. పొరపాటున చెయ్యి అటెళ్ళినా డిలీట్ కిందే లెక్క."

"స్క్రోల్ లాక్ అసలు దేనికండీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"నాకూ తెలీదు" అన్నాడు తారకేశ్. అందరూ నవ్వారు.

మార్తకి ఊపిరాడలేదు, యంత్రం మాత్రం లెక్కగా తోస్తూనే ఉంది. ఇన్నాళ్ళ చిక్కుముడి ఒక్క క్షణంలో విడిపోయింది. పిచ్చి అక్షరాలెందుకో తెలిసింది, చెరిగిపోవడమెందుకో తెలిసింది, బజరెందుకో తెలిసింది. తెలియడంతో ఒరిగిందేమీ లేదు. తెలియనప్పుడు గోడకి తల కొట్టుకున్నట్టుండేది. ఇప్పుడు తలుపు కనబడుతోంది, దాని గడియ అవతలివైపు ఉంది. ఇకనుంచి ఆ కీ నొక్కకూడదు, అంతే కదా, అనుకుంది. అంతే కదా అని రోజుకి వందసార్లు అనుకుంది.

అంత తేలికైతే ఇంకేం. మామూలు మనిషికి అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య ఒక చెయ్యి ఉంటుంది. కొడదామనుకున్నా పిడికిలి బిగించి ఆగిపోవచ్చు. ఈ యంత్రానికి ఆ చెయ్యి లేదు. మనసులో లేచిందంటే పనైపోయినట్టే. అటు పోకూడదు అనుకోవడంలోనే చెయ్యి అటు పోయొచ్చేది. ఆయా వచ్చి, "అమ్మా, పక్క మార్చనా?" అంటే టక్కు. ప్రభుదాసు, "ఇవాళ ఎండ మండిపోతుందే" అంటే టక్కు. ఇరవై రెండేళ్ళు అన్నం పెట్టిన అలవాటు, పొమ్మంటే పోతుందా? బయట రేడియోలో ఇంగ్లీషు వార్తలు వచ్చినప్పుడు మాత్రం ఆ చెయ్యి నిద్రపోయినట్టు పడి ఉండేది. అది గమనించాక మార్త ప్రార్థన మారిపోయింది. ప్రభువా, ఎవరైనా ఒక్కరు నాతో ఇంగ్లీషులో మాట్లాడేలా చెయ్యి.

ఎవరూ మాట్లాడలేదు. పాపం ఆమెకి మన భాషలో చెబితేనే మనసుకి హత్తుకుంటుందని ఇందుమతి అందరికీ గట్టిగా చెప్పింది. కేరళ నుంచి వచ్చిన నర్సు కూడా ముక్కలు ముక్కలుగా తెలుగు నేర్చుకుని, "మార్తమ్మా, బావున్నావా?" అని పలకరించేది. వాళ్ళ మంచితనం చూసి మార్తకి దణ్ణం పెట్టాలనిపించేది, గొంతు పిసకాలనీ అనిపించేది.

రెండోసారి ప్రశ్న అడిగినప్పుడు ఆమె తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకుంది. ఇందుమతి, "మార్తగారూ" అనగానే ఆ చెయ్యి తొడ కిందనుంచి జారిపోయింది. బజరు మోగింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ప్రభుదాసు కాగితాల మీద సంతకం పెడుతున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినబడింది. ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టాడు.

మూడోసారికి నాలుగు రోజులుందనగా ప్రభుదాసు మధ్యాహ్నం షాపు లాప్‌టాప్ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. దానికి షాపులో కీబోర్డే తగిలించాడు. ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టాడు. చప్పుడు వింటూనే మార్తకి అర్థమైంది, ఇతనికి ఏ కీ ఎక్కడుందో తెలియదు.

"ఇంకెవరి చేతో కొట్టిస్తే బాగోదని నేనే మొదలెట్టానే" అన్నాడు. "నీ కార్డు."

మార్త ఇలాంటి కార్డులు వందల్లో కొట్టింది. చచ్చిపోయినవాళ్ళ పేర్లకి ఏ సైజు పెట్టాలో, ఫొటో ఎంత ఎడంగా ఉండాలో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తన కార్డు తన చెవుల ముందు తయారవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"ఇదేంటి, అంతా ఇంగ్లీషు ముక్కలు పడుతున్నాయి?" అని గొణుక్కున్నాడు. కాసేపు అన్ని కీలూ పొడిచి చూశాడు. తర్వాత, "ఓ, ఇదా!" అని ఒక కీ నొక్కాడు. ఆ చప్పుడు మార్తకి తెలుసు. అరిగిపోయి కొంచెం లోపలికి దిగే ఆ చప్పుడు కోటి చప్పుళ్ళలో అయినా గుర్తుపడుతుంది.

అదే! అదే! వెళ్ళి ఆ కుర్రాడికి చెప్పు, నీకు దణ్ణం పెడతాను, లేచి వెళ్ళు!

"ప్రభువునందు నిద్రించిన..." అని ప్రభుదాసు మెల్లగా చదువుకుంటూ కొట్టాడు. "చుట్టూ గులాబీల బోర్డరు పెడుతున్నానే. నీకిష్టం కదా."

ఆ బోర్డరు మార్తకి అసహ్యం. అడిగినవాళ్ళకి విధిలేక వేసేది. కానీ ఆ క్షణంలో ఆమెకి కోపం కూడా రాలేదు, భయం వేసింది. తన గురించి ఇంత ప్రేమగా, ఇంత తప్పుగా అన్నీ జరిగిపోతున్నాయి. ఎవరిమీదా పగ పట్టడానికి కూడా వీల్లేదు. గదిలో ఒక్క దుర్మార్గుడైనా లేడు.

మూడోసారి ప్రశ్న అడిగేటప్పుడు బయటి డాక్టరు ఒకరు ఉండాలని చట్టం. చెన్నై నుంచి డాక్టర్ వళ్ళియమ్మై వచ్చింది. చెప్పుల చప్పుడును బట్టి పెద్దావిడ అనిపించింది. వస్తూనే అందరినీ పక్కకి తప్పుకోమని మంచం దగ్గరికి వచ్చి, మార్త చేతిమీద చెయ్యి వేసింది. ఆవిడకి తెలుగు రాదు.

"మిసెస్ మార్తా, డు యు వాంట్ టు గో ఆన్?"

మార్తకి ఒక్క క్షణం చెవుల్ని నమ్మబుద్ధి కాలేదు. కుడిచెయ్యి ఉన్నచోటే ఉంది. చిటికెన వేలు ఒక్కటే పక్కకి జరిగి ఎంటర్ మీద పడింది.

గంట మోగింది.

ఇన్నాళ్ళలో ఆ గదిలో ఎవరూ వినని చప్పుడు అది. ప్రభుదాసు కుర్చీ కిర్రుమంది. "ఏంటది? ఏమైంది?" అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది ఇందుమతి. "ఇంగ్లీషు ఆమెకి అంతగా రాదు. ప్రశ్న అర్థమయ్యుండదు. తెలుగులో నేను అడుగుతాను."

వద్దు, అంది మార్త లోపల. వద్దమ్మా, నీ తెలుగు నాకొద్దు.

"మార్తగారూ, మీకు ఇలా కొనసాగడం ఇష్టమేనా?"

బజరు మోగింది.

వళ్ళియమ్మై ఇంగ్లీషులో మళ్ళీ అడిగింది, గంట. ఇందుమతి తెలుగులో అడిగింది, బజరు. అలా ఎనిమిదిసార్లు జరిగింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

"మాతృభాషలో చెప్పిందే మనసులో మాట" అంది ఇందుమతి చివరికి, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "నియమం ప్రకారం ఈ మూడోది కూడా..."

"డాక్టర్," అని వళ్ళియమ్మై ఇంగ్లీషులోనే అడ్డుపడింది, "నేను నలభై ఏళ్ళుగా చావుల్ని చూస్తున్నాను. చావాలనుకునేవాళ్ళని చూశాను, బతకాలనుకునేవాళ్ళని చూశాను. తెలుగులో చావాలని, ఇంగ్లీషులో బతకాలని అనుకునే మనిషిని చూడలేదు. తప్పు ఆమెలో లేదు, మీ యంత్రంలో ఉంది. నేను సంతకం పెట్టను. వారం రోజుల్లో కారణం చెప్పండి."

ఆవిడ వెళ్ళిపోయింది. తారకేశ్ మాత్రం మంచం పక్కనే ఉండిపోయాడు. ప్రభుదాసూ ఉన్నాడు. కాసేపటికి తారకేశ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"దాసుగారూ, మేడమ్‌తో ఎవరన్నా తెలుగులో మాటాడితే... మామూలుగా, ఇంటికాడ... ఆవిడ ఏటి చేసీవారు?"

"ఏం చేస్తది బాబూ, జవాబు చెప్పేది. నాలుగు తిట్టేది."

"కాదండి. చేత్తో. కుడిచేత్తో. తెలుగు వినగానే ఆ మూలకే ఎల్తంది."

మార్త లోపలినుంచి ప్రభుదాసుని రెండు చేతులతో నెట్టింది. నెట్టగా నెట్టగా, అతను కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. ఏదో కిందపడింది. సంచి జిప్పు తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత మంచం చివర బల్ల మీద కీబోర్డు పెట్టాడు.

"చూడు" అన్నాడు. "అన్ని కీల మీదా అక్షరాలున్నాయి. ఇదొక్కటే గుండులా ఉంది, చూడు. ఇది నొక్కకుండా ఆమె నా పేరు కూడా కొట్టదు బాబూ. మొన్న కార్డు కొట్టేటప్పుడు నేనూ నొక్కాను. నొక్కాను కదా! పక్కనే కూర్చుని నొక్కి కూడా..."

తారకేశ్ ఆ కీ మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"నేనే తీసీసినాను" అన్నాడు. "ఎవరు వాడతారని నేనే తీసీసినాను." అలా అంటూ నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రభుదాసు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. పక్కనే కింద కూర్చున్నాడు. ఇద్దరి ఏడుపూ వింటూ మార్త మంచం మీద హాయిగా పడుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి ఆమెకి కోపం పోయింది.

తీసేసిన కీలన్నీ తిరిగి పెట్టి, షాపులో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌ని యంత్రానికి కలిపేసరికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున అందరూ వచ్చారు. వళ్ళియమ్మై కూడా వచ్చింది. ఇందుమతి తలుపు దగ్గరే ఆగిపోయింది. తారకేశే ముందుకు వచ్చి, "అమ్మా, మీరు చెప్పండి" అన్నాడు.

స్క్రోల్ లాక్. ఈసారి ఏ బజరూ మోగలేదు. మార్త వేళ్ళు పరుగెత్తాయి. తెర మీద పడుతున్నదాన్ని ప్రభుదాసు ఒక్కో అక్షరం పట్టుకుని బయటికి చదివాడు.

"ఎడమ మడమ. నొప్పి. చూడండి."

నర్సు పరుగున వచ్చి కాలి కింది దిండు తీసి, మేజోడు లాగింది. మడమ అడుగున అరచేయంత పుండు పడి ఉంది. దాన్ని కడుగుతున్నంతసేపూ మార్త నొప్పికి విలవిల్లాడింది. అయినా ఒక మనిషి తన నొప్పి ఉన్నచోటే చెయ్యి పెట్టినందుకు ఆమెకి ఆకాశం తెరుచుకున్నట్టుంది.

కట్టు కట్టడం అయ్యాక వళ్ళియమ్మై ఇందుమతి భుజం తట్టింది. మంచం దగ్గరికి రావడానికి ఇందుమతికి చాలాసేపు పట్టింది.

"మార్తగారూ, మమ్మల్ని క్షమించమని ఎలా అడగాలో కూడా తెలియడం లేదు. కానీ ఇది మీరే చెప్పాలి. కొనసాగించమంటారా?"

ప్రభుదాసు ఆగలేకపోయాడు. "ఇంకా అడుగుతారేంటండీ! ఉంటుంది. చెప్పవే మార్తా. ఎప్పటికీ ఉంటానని చెప్పెయ్. ఆ కాగితాలన్నీ చింపి పారేస్తాను."

మార్త చెయ్యి లేచింది. స్క్రోల్ లాక్ నొక్కి ఆగింది.

ఇన్నాళ్ళుగా ఆమె ఈ ఒక్క జవాబు కోసమే కొట్టుకుంది. అవును అనడానికి దారి దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది. ఇప్పుడు దారి దొరికింది. గొట్టం గొంతులోనే ఉంది. పుండు కాలికే ఉంది. రెప్పలు మూసుకునే ఉన్నాయి. ఇంకా ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు. ఎప్పటికీ అనే మాట కొట్టబోతే వేళ్ళు అటు కదల్లేదు. వద్దు అన్న మాటని ఒకసారి నమ్మి వీళ్ళు తనని చావు దాకా తీసుకెళ్ళారు. అవును అన్న మాటని ఒకసారి నమ్మి ఇంకెక్కడికి తీసుకెళతారో అనిపించింది. ఆ ఆలోచనకి ఆమెకి భయం వేసింది. మొగుడి మీద జాలీ కలిగింది. అయినా ఉన్నమాటే కొట్టింది.

ప్రభుదాసు చదివాడు. "ఈ రోజుకి అవును. రేపు మళ్ళీ అడగండి."

కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని మళ్ళీ చదువుకున్నాడు.

"రేపు కూడానా?" అన్నాడు చివరికి. "అదేం మాటే! రేపు అడిగితే ఏమంటావు?"

"రేపు చెబుతాను" అని కొట్టింది మార్త.

"ఎల్లుండి?"

"రోజూ అడగండి. మీరే అడగండి."

"నావల్ల కాదే" అన్నాడు ప్రభుదాసు.

మర్నాడు పొద్దున అతను రోజుకంటే ఆలస్యంగా వచ్చాడు. కిటికీ తలుపు తీశాడు. దువ్వెన అందుకుని జుట్టు దువ్వాడు. కాలి కట్టు చూసి, కొంచెం ఎండిందన్నాడు. అద్దెగదిలో కుళాయి కారుతోందని, నిన్న రాత్రి అన్నం మాడిందని చెప్పాడు. అన్నీ చెప్పడం అయిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరుస్తున్నట్టు అతని ఊపిరిని బట్టి ఆమెకి తెలుస్తూనే ఉంది. మార్త తొందరపెట్టలేదు, ఎదురుచూసింది.

"మార్తా," అన్నాడు ప్రభుదాసు, ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ రోజు?"